తూలా బొగ్గు సమోవార్, 5 లీటర్లు: కొనేముందు కొళాయి తిప్పి చూడండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెతికితే రష్యా సమోవార్ ఉన్న ఇళ్ళు కొన్ని తగుల్తాయి. సోవియట్ రోజుల్లో నౌకాదళం తరఫున శిక్షణకి వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చినవి, ఓడల మీద పనిచేసేవాళ్ళు తెచ్చినవి, ఈమధ్య అక్కడ డాక్టరీ చదివొచ్చిన పిల్లలు అపురూపంగా మోసుకొచ్చినవి. చాలామటుకు అద్దాల బీరువాలో, బొబ్బిలి వీణ బొమ్మ పక్కన కూర్చుని, పండక్కీ పండక్కీ దుమ్ము దులిపించుకుంటూ ఉంటాయి. అడిగితే "అలంకారానికేనండి, వాడేది కాదు" అంటారు. నూరుపాళ్ళూ వాడేదే. సమోవార్ అనే మాటకి రష్యన్‌లో అర్థమే 'తనంత తాను కాచుకునేది' అని.

ఇక్కడ చూస్తున్నది తూలాలో తయారైన ఇత్తడి బొగ్గు సమోవార్. 5 లీటర్లది, పైన నికెల్ పూత, సోవియట్ కాలపు చివరి దశాబ్దాల రకం. ఖాళీగా సుమారు 5 కిలోలు తూగుతుంది. తీర్పు ముందే చెప్పేస్తే: పాలు లేని టీకి, వేణ్ణీళ్ళకి, పదిమంది కూడే చోటికి దీన్ని మించిన సామాను లేదు. పాల టీ కోసమైతే, టీ కొట్టు కోసమైతే కొనకండి. పాతది కొంటే పైన మెరుపు చూసి మోసపోకండి. చూడాల్సినవి రెండే: లోపలి గొట్టం, బయటి కొళాయి.

సమోవార్ అంటే మనకి తెలియని వింత వస్తువేమీ కాదు. పెళ్ళిళ్ళలో స్నానాల నీళ్ళకి పెట్టే రాగి బాయిలర్ గుర్తుందా? నడిమధ్య నిలువు గొట్టం, అందులో నిప్పు, చుట్టూ నీళ్ళు, కింద బూడిద గూడు, పక్కన కొళాయి. సూత్రం అచ్చంగా అదే. పాత టీ కొట్లలో ఉండే ఇత్తడి బాయిలరూ ఈ కుటుంబమే. మంట పాత్ర కింద కాకుండా పాత్ర కడుపులో ఉండటం వల్ల వేడి పక్కలకి పోకుండా నీళ్ళకే పడుతుంది. 5 లీటర్ల నీళ్ళు మన వాతావరణంలో 28 డిగ్రీల దగ్గర్నుంచి మరగడానికి పావుకిలో బొగ్గు సరిపోతుంది, తడి లేని బొగ్గైతే ఇంకా కాస్త మిగులుతుంది. టైము 25 నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. తేడా ఎక్కడంటే పనితనంలో. మన బాయిలర్‌కి కొళాయి కారితే కింద ముంత పెడతాం. తూలావాడు కారనివ్వడు. ఎందుకు కారనివ్వడో తెలియాలంటే ఆ ఊరి సంగతి కొంత చెప్పుకోవాలి.

తూలా మాస్కోకి దక్షిణంగా, ఉపా అనే నది ఒడ్డున ఉంది. శ్రీకాకుళానికి నాగావళి ఎలాగో దానికి ఉపా అలాగ. నదికి ఒక పక్క కోట. 1520 నాటికి పూర్తయిన, తొమ్మిది బురుజుల కోట అది, క్రిమియా తాతార్ల దాడుల్ని ఆపడానికి కట్టింది. అవతలి ఒడ్డున కమ్మరుల పేట. 1595లో జారు (రష్యా చక్రవర్తి) ఫ్యోదర్ తుపాకులు చేసే కమ్మరులకి ప్రత్యేకంగా పేట ఇచ్చాడు. 1632లో ఆండ్రీ వినియస్ అనే వర్తకుడికి ఆ చుట్టుపక్కల ఇనుము కరిగించే కార్ఖానాలు పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. మన భీమిలిలో గోదాములు కట్టుకున్న డచ్చివాళ్ళ జాతివాడే. తర్వాత 1712లో మొదటి పీటరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారం కట్టమని ఉత్తరువిచ్చాడు. ఇక ఊరంతా అదే పని: తుపాకీ గొట్టం తొలిచేవాడొకడు, గుర్రం (మీట నొక్కితే కొట్టే సుత్తి) అమర్చేవాడొకడు, తాళం (పేల్చే యంత్రాంగం) చేసేవాడొకడు. అవతలి పేటలో వీధుల పేర్లు కూడా అవే. 1778లో ఫ్యోదర్ లిసిత్సిన్ అనే తుపాకీ పనివాడి కొడుకులు ఇవాన్, నజార్ ఊళ్ళో సమోవార్ చేయడం మొదలుపెట్టిన వీధి పేరు బాయినెట్ వీధి, అంటే తుపాకీ కొనకి తగిలించే బాకు పేరు.

రష్యాలో మొట్టమొదటి సమోవార్ తూలాదే అని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. అది నమ్మక్కర్లేదు. 1740లోనే ఉరల్ కొండల దగ్గర యెకాతెరిన్‌బర్గ్ సుంకం అధికారులు పట్టుకున్న సరుకు జాబితాలో కళాయి వేసిన రాగి సమోవార్ ఒకటి ఉంది. ఉరల్‌లో రాగి, ఇనుము కార్ఖానాలు పెద్ద ఎత్తున లేపింది నికితా దెమీదోవ్, అతని కొడుకులు. ఆ నికితా ఎవరయ్యా అంటే తూలా కమ్మరే. 1702లో పీటరు చేత నెవ్యాన్స్క్ కార్ఖానా పుచ్చుకుని తూర్పుకి పోయినవాడు. కాబట్టి తూలా గొప్ప మొదట చేయడంలో లేదు. మొదట చేసిన చోట్లన్నీ మానేశాక కూడా చేస్తూ ఉండటంలో ఉంది. 1850 నాటికి ఊళ్ళో 28 సమోవార్ కర్మాగారాలున్నాయి. బండ్ల మీద ఓకా నది ఒడ్డున అలెక్సిన్ రేవుకి, అక్కణ్ణుంచి నీజ్నీ నోవ్‌గొరద్ సంతకి పడవల మీద సరుకు పోయేది. 'తూలాకి సొంత సమోవార్ పట్టుకెళ్ళినట్టు' అని రష్యన్ సామెత. మన జిల్లాలో చెప్పుకోవాలంటే బుడితికి ఇత్తడి చెంబు పట్టుకెళ్ళినట్టు.

ఇంకో విషయం. అప్పట్లో సమోవార్‌ని తూకానికి అమ్మేవారు, బరువుంటే ధర ఎక్కువ. పని కూడా ఒక్కడిది కాదు. రేకు వంచి ఒళ్ళు చేసేవాడు వేరు, కళాయి పోసేవాడు వేరు, చిత్రిక పట్టేవాడు, కొళాయీ పిడులూ చేసేవాడు, అన్నీ కూర్చేవాడు, మెరుగు పెట్టేవాడు వేరువేరు. ముక్కలు చాలా వరకు పల్లెల్లో ఇళ్ళ దగ్గర చేసి, బండి మీద కర్మాగారానికి తెచ్చి అప్పజెప్పేవారు. సరుబుజ్జిలి మండలం బుడితిలో ఇత్తడి పని చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

ఇప్పుడు కొళాయి. కొన్నప్పుడు మొదట చేయి పెట్టాల్సింది దీని మీదే.

సమోవార్ కొళాయిలో రబ్బరు వాషరు లేదు, మరలు లేవు. కిందకి సన్నబడే ఇత్తడి బిరడా ఒకటి, అంతే వాలుతో తొలిచిన గూడు ఒకటి. బిరడాకి అడ్డంగా బెజ్జం. పిడి తిప్పితే బెజ్జం నీటి దారికి ఎదురుగా వస్తుంది, ఇంకో పావు తిప్పు తిప్పితే మూసుకుంటుంది. నీళ్ళు ఆగేది కేవలం లోహానికి లోహం అతుక్కుని. వెంట్రుకవాసి సందున్నా చుక్క పడుతుంది. తుపాకీ తాళాలు అరగదీసిన చేతులకే ఈ పని పట్టుబడింది. మంచి కొళాయి తిప్పితే చేతికి వెన్నలో వేలు పెట్టినట్టుండాలి: మెత్తగా, అడ్డం లేకుండా, కానీ వదిలితే ఉన్నచోటే నిలబడాలి. గరగరమంటే సున్నం పట్టినట్టు. లొడలొడలాడితే అరిగినట్టు. అసలు తిరగకపోతే బలవంతం చేయకండి, పిడి ఊడుతుంది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి కొళాయి చుట్టూ పది నిమిషాలు చుట్టి ఉంచి, అప్పుడు బిరడాని అడుగు నుంచి చెక్క ముక్కతో పైకి తట్టండి.

కారే కొళాయిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. బిరడా పైకి లాగి తుడిచి, దాని ఒంటి మీద నిలువుగా నాలుగు పెన్సిల్ గీతలు గీయండి. గూట్లో పెట్టి ఒక్కసారి అటూ ఇటూ తిప్పి తీయండి. గీత ఎక్కడ చెరిగిందో అక్కడ లోహం తగుల్తోంది, ఎక్కడ మిగిలిందో అక్కడ సందుంది. కింద చెరిగి పైన మిగిలితే కొంచెం అరగదీస్తే సరిపోతుంది. మోటారు మెకానిక్కుల దగ్గర వాల్వు గ్రైండింగ్ పేస్టు దొరుకుతుంది, అందులో నున్నటి రకం కందిగింజంత చాలు. బిరడాకి పూసి పావు తిప్పు ముందుకీ వెనక్కీ, అప్పుడప్పుడు పైకెత్తి చోటు మార్చి, ఇరవై ముప్ఫై సార్లు. తర్వాత కిరసనాయిలుతో కడిగి, సబ్బునీళ్ళతో మళ్ళీ కడిగి, గీతల పరీక్ష మళ్ళీ చేయండి. బెజ్జంలో పేస్టు మిగలకూడదు, టీలో పడుతుంది. ప్లంబర్లు చుట్టే తెల్ల టేపు మాత్రం చుట్టించకండి. ఆ టేపు మందానికి బిరడా పైకి లేచి, బెజ్జం దారి తప్పి, ఉన్న ధార కూడా సన్నబడుతుంది. బిరడాలు ఒకదానిది ఇంకొకదానికి సరిపడవని కూడా గుర్తుంచుకోండి, గూడూ బిరడా జతగా అరగదీసినవి. బిరడా పోయిన సమోవార్ సగం ధరకి వచ్చినా లాభం లేదు.

తర్వాత లోపలి గొట్టం. రష్యన్లు దీన్ని కూజా అంటారు, ఆకారం చూసి. పైమూత తీసి టార్చి వేస్తే నీళ్ళ వైపు కనిపిస్తుంది, గొట్టంలోకే వేస్తే నిప్పు వైపు కనిపిస్తుంది. నీళ్ళ వైపు వెండిలా తెల్లగా ఉంటే కళాయి ఉన్నట్టు. పసుపు మచ్చలు, పచ్చటి చిలుము కనిపిస్తే పోయినట్టు. అడుగున ఇనప జల్లెడ ఉందో లేదో చూడండి, చాలా వాటికి పోతుంది. అది పెద్ద ఇబ్బంది కాదు, కుంపటి జల్లెడ కొలతకి కోయించుకుంటే చాలు. అసలు పరీక్ష నీళ్ళది. సమోవార్‌ని పాత న్యూస్ పేపర్ మీద పెట్టి, చల్లటి నీళ్ళు నిండా పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కొళాయి మొదట్లో తడి ఉంటే చిన్న రిపేరు. బూడిద గూట్లో తడి ఉంటే గొట్టం అతుకు పోయినట్టు, అది పెద్ద రిపేరు. అమ్మేవాళ్ళు రాత్రి ఆగనివ్వకపోతే కనీసం గంట ఆగండి. అంత ఓపిక వాళ్ళకి లేకపోతే ఎందుకు లేదో మీకే అర్థమవుతుంది.

అతుకు ఎందుకు పోతుంది? దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: నీళ్ళు పోయకముందు నిప్పు వేయడం, లేదా నీళ్ళు అయిపోయినా నిప్పు ఉంచేయడం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. తగరం, సీసం కలిపిన మెత్త టంకం 183 డిగ్రీల దగ్గరే మొదలుపెడుతుంది. గొట్టం చుట్టూ నీళ్ళున్నంత సేపూ లోహం నూరు డిగ్రీలు పెద్దగా దాటదు, నీళ్ళు లాగేసుకుంటాయి. నీళ్ళు లేని చోట బొగ్గు వేడికి అతుకు నిమిషాల్లో జారిపోతుంది. కాబట్టి మొదట నీళ్ళు, తర్వాత నిప్పు. ఆర్పేటప్పుడు మొదట నిప్పు, తర్వాత నీళ్ళు. ఇది తలకిందులైతే ఆ సమోవార్ మళ్ళీ బీరువాలోకే.

కళాయి పోతే మళ్ళీ వేయించొచ్చు కదా అంటే, ఇక్కడ ఒక మెలిక ఉంది. గుండిగకి, ఇత్తడి గిన్నెకి కళాయి వేసేవాడు పాత్రని కాల్చి, నవసాగరం చల్లి, తగరం కరిగించి గుడ్డతో పులుముతాడు. సమోవార్‌లో గొట్టం అడ్డం, చేయి పోదు. పైగా తగరం కరిగేంత కాల్చితే పాత మెత్త టంకం ముందే కరిగి గొట్టం చేతికొస్తుంది. అందుకని పాతదానికి రెండు పనులు ఈ వరసలోనే జరగాలి: గొట్టం విప్పించి లోపలి ముఖాలన్నిటికీ కళాయి వేయించడం, తర్వాత సీసం లేని తగరపు టంకంతో, కళాయి చెడకుండా, తిరిగి అతికించడం. ఇత్తడి పని తెలిసినవాళ్ళకి సమోవార్ అని చెప్పకండి, అర్థం కాదు. 'బాయిలర్ లాంటిది, తాగే నీళ్ళకి, సీసం వాడొద్దు' అని చెప్పండి. ఆ చివరి మాట రెండుసార్లు చెప్పండి. 1917 విప్లవానికి ముందు నాటి సమోవార్లలో పాత టంకంలో సీసం ఉంటుందనే అనుకుని నడుచుకోవాలి. తిరగదోడించకుండా వాటిలో తాగే నీళ్ళు కాయకూడదు. ఏ సమోవార్‌లోనైనా రాత్రి నిలవ ఉన్న నీళ్ళు పారబోయాల్సిందే.

పాతవాటి మీద ముద్రల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే మంచిది. ఒంటి మీద నాణేల్లాంటి గుండ్రటి ముద్రలు వరసగా కనిపిస్తాయి, 1889 పారిస్ లాంటి అంకెలతో. అవి ప్రదర్శనల్లో ఆ కంపెనీ గెల్చిన పతకాల గుర్తులు. తయారైన సంవత్సరం కాదు. 1889 ముద్ర ఉన్నది 1910లో చేసిందైనా కావచ్చు. వసీలీ బతాషెవ్ వారసుల ముద్రకి అప్పట్లోనే ఎంత పేరంటే, 1909లో రెండో నికొలస్ జారు అయిదుగురు పిల్లలకి అయిదు చిన్న సమోవార్లు చేసిందీ వాళ్ళే. పేరున్న చోట నకిలీ ఉంటుంది, ఆ రోజుల్లోనే బతాషెవ్ ముద్రని ఇతరులు కొట్టేసుకునేవారు. ఒక గుర్తు మాత్రం కొంత నమ్మొచ్చు. 1918 దాకా రష్యన్‌లో హల్లుతో ముగిసే మాటల చివర ఒక పలకని అక్షరం రాసేవారు. ఇంగ్లీషు చిన్న 'బి'కి నెత్తిన ఎడమవైపు చిన్న కొమ్ము తగిలించినట్టుంటుంది. పేర్ల చివర అది ఉంటే విప్లవానికి ముందుది, లేదా దాన్ని అనుకరించింది. హల్లుతో ముగిసే మాటలకీ అది లేకపోతే చాలామటుకు తర్వాతిదే. సోవియట్ కాలంలో తూలాలో ప్రధానంగా చేసింది ష్టాంప్ కర్మాగారం. మనవైపు వచ్చినవి ఎక్కువగా ఆ కాలానివే. వాడుకకి అవే మేలు, పురాతన వస్తువు ధర పెట్టక్కర్లేదు. అసలు సరుకు ఎలా ఉంటుందో చూడాలంటే తూలా కోట దగ్గరే సమోవార్ల మ్యూజియం ఉంది, 1990లో తెరిచారు. అక్కడ చదువుతున్న పిల్లలెవరైనా ఉంటే ముద్రల ఫోటోలు తీసి పంపమనండి, కొనేటప్పుడు పోల్చుకోవచ్చు.

వెలిగించడం. నేల చదునుగా ఉండాలి, కడప బండ గానీ ఇటుకలు గానీ. ప్లాస్టిక్ బల్ల మీద పెట్టినవాళ్ళున్నారు, బూడిద గూట్లోంచి నిప్పురవ్వ జారితే బల్లకి బెజ్జం. వడగట్టిన నీళ్ళు అంచుకి రెండు వేళ్ళు తక్కువగా పోసి మూత పెట్టండి. సన్నటి పుల్లలు నాలుగు వెలిగించి గొట్టంలో వేసి, అవి అంటుకున్నాక మరికొన్ని వేసి, పైన పొగగొట్టం తగిలించండి. అది లేకుండా లాగదు, కళ్ళు మండిపోతాయి. రష్యన్లు పైన్ కాయలు వేస్తారు. మనకి వాటి బదులు సరుగుడు కాయలు, కళింగపట్నం నుంచి బారువ దాకా తీరమంతా రాలి ఉంటాయి. బాగా ఎండినవైతే చిటపటమంటూ వేడి ఇస్తాయి. రెండు గుప్పిళ్ళు కాయలు మండాక బొగ్గులు, జీడిమామిడి గింజంత ముక్కలుగా కొట్టినవి, గొట్టంలో సగానికి మించకుండా. కొబ్బరి చిప్పలు ఉద్దానంలో ఊరికే దొరుకుతాయి గానీ పచ్చిగా వేస్తే మసి, బొగ్గు చేసి వేస్తే మాత్రం అద్భుతం. పలాస వైపువాళ్ళు జీడిపిక్కల తొక్కలు వేద్దామనుకుంటారు. వద్దు. ఆ తొక్కలో నూనె ఉంటుంది, దాని పొగ గొంతు పట్టేస్తుంది, గొట్టం లోపల జిగురులా అతుక్కుంటుంది, శుభ్రం చేసేటప్పుడు చేతుల మీద పొక్కులు లేస్తాయి.

నిప్పు మందగిస్తే రష్యన్ పల్లెల్లో పాత బూటు పైభాగాన్ని గొట్టం మీద బోర్లించి తిత్తిలా ఊపేవారట. మనకి విసనకర్రుంది, బూడిద గూడు బెజ్జాల దగ్గర విసిరితే చాలు.

ఇక చెవి పెట్టి వినండి. రష్యన్లు సమోవార్ మరుగుని మూడు ఘట్టాలుగా చెబుతారు. మొదట పాడుతుంది. లోపలెక్కడో దోమ ముసిరినట్టు సన్నటి శ్రుతి, గొట్టానికి అంటుకున్న నీళ్ళలో చిన్న బుడగలు లేచి పై చల్లటి నీళ్ళలో పగిలే చప్పుడు అది. తర్వాత హోరు, వానొచ్చే ముందు సరుగుడు తోటలో వినిపించేలాంటిది. తర్వాత హఠాత్తుగా శబ్దం తగ్గి గుడగుడమంటుంది, మూత మీది ఆవిరి బెజ్జంలోంచి తెల్లటి తీగ లేస్తుంది. టీకి నీళ్ళు పట్టాల్సింది హోరు తగ్గి గుడగుడ మొదలైన ఆ క్షణంలో. అప్పుడు పొగగొట్టం తీసేసి, కిరీటంలాంటి వలయం పెట్టి, దాని మీద చిన్న టీకూజా కూర్చోబెట్టండి.

ఆ చిన్న కూజాలోనే డికాక్షన్. అరలీటరు కూజాకి ఆకు టీ అయితే నాలుగైదు చెంచాలు, పది నిమిషాలు. మన కొట్లలో దొరికే డస్టు టీ అయితే మూడు చెంచాలు, అయిదు నిమిషాలు, వడగట్టేయాలి. దాటితే వగరు. కూజా మరగకూడదు, వెచ్చగా మాత్రమే ఉండాలి. గ్లాసులో పావు వంతు డికాక్షన్, ముప్పావు కొళాయి నీళ్ళు. ఎవరికెంత ఘాటు కావాలో వాళ్ళే కలుపుకుంటారు, సమోవార్ మర్యాదంతా అందులోనే ఉంది. పంచదార గ్లాసులో వేయకుండా ముక్క పంట పెట్టుకుని తాగడం రష్యన్ అలవాటు. తాటిబెల్లం ముక్కతో తాగితే ఇంకా బావుంటుంది, ఇది మాత్రం తూలావాళ్ళకి తెలీదు. వాళ్ళకి పక్కన తేనె రొట్టె ఉండాలి. చెక్క అచ్చుల్లో ఒత్తిన ఆ తూలా రొట్టె ప్రస్తావన 1685 నాటి లెక్కల పుస్తకంలోనే ఉంది. మనకి చెక్కలు, జంతికలు చాలు.

పాలు సమోవార్‌లో పోయడం అనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. గొట్టానికి అంటుకుని మాడతాయి, ఆ మాడు తీయడానికి చేయి పోదు, కొళాయి బెజ్జంలో మీగడ గడ్డకడుతుంది. రెండు రోజులకి వాసన. పాల టీ కావాలంటే డికాక్షన్ చిక్కగా తీసి, పాలు వేరే గిన్నెలో కాచి, సగం సగం కలుపుకోండి. ఇరానీ హోటళ్ళలో చేసేది ఇంచుమించు అదే.

5 లీటర్లలో అడుగు మూడోవంతు ఎప్పుడూ ఉంచాలి కాబట్టి చేతికొచ్చేది మూడుంపావు లీటర్లు. డికాక్షన్ కలుపుకుని చిన్న గ్లాసులు నలభై పైచిలుకు. మళ్ళీ నింపితే మళ్ళీ పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. అందుకే శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలాంటి రద్దీ చోట టీ కొట్టుకి ఇది పనికిరాదు. కార్తీక వనభోజనాలకి మాత్రం దీన్ని చేయించినట్టే ఉంటుంది. తోటలో చెట్టు కింద పెట్టి, అక్కడే పుల్లలేరి వెలిగిస్తే, మూత కొంచెం తెరిచి ఉంచిన నిప్పు మీద గంటన్నర దాకా నీళ్ళు వేడిగానే ఉంటాయి. గ్యాసుపొయ్యి మోసే పని తప్పుతుంది. ఇంట్లో అయితే వరండాలో. తలుపులు మూసిన ఏసీ గదిలో బొగ్గు సమోవార్ పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడం, ఆ విషవాయువుకి వాసనుండదు.

అయిపోయాక గొట్టం మీద మూత బిగిస్తే గాలందక నిప్పు దానంతటదే ఆరుతుంది. నీళ్ళు పోసి ఆర్పకండి, బూడిద మొహం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లారాక బూడిద దులిపి, నీళ్ళు వంచేసి, లోపల గుడ్డతో ఒత్తి, మూత తీసి రాత్రంతా ఆరనివ్వాలి. మన సముద్రపు గాలికి తడి ఉంచితే వారంలో చిలుము. బోరు నీళ్ళు వాడేవాళ్ళకి నెలరెండు నెలల్లో గొట్టానికి తెల్లటి పెంకు కడుతుంది, ముందుగా తెలిసేది టైములోనే: పాతిక నిమిషాల మరుగు ముప్పై అయిదు దాటుతుంది. లీటరుకి చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, మరగనివ్వకుండా అరగంట వెచ్చగా ఉంచి, పారబోసి రెండుసార్లు కడగండి. కళాయి పల్చబడ్డదానికి ఈ పని తరచూ చేయొద్దు. పైన నికెల్ ఉన్నదాన్ని చింతపండుతో, కొబ్బరిపీచుతో తోమితే రెండేళ్ళకి పసుపు కనిపిస్తుంది. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. చింతపండు ఉత్త ఇత్తడి ఒంటికి మాత్రమే.

కరెంటు సమోవార్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సోవియట్ కాలం నాటి 3 లీటర్లది, కిలోవాటు రకమైతే ఇరవై నిమిషాల్లో మరుగుతుంది. అందం ఉంది, పాట ఉంది, పొగ లేదు. కానీ పాతవాటికి దానంతటది ఆగిపోయే ఏర్పాటు ఉండదు, నీళ్ళు తగ్గితే కాయిల్ మాడిపోతుంది. ప్లగ్గు రెండు పిన్నులదే, అంటే ఎర్తు లేదు. ఇత్తడి ఒళ్ళు, తడి చేతులు, తీరప్రాంతపు చెమ్మ. మూడు పిన్నుల తీగ మార్పించి, ఒంటికి ఎర్తు కలిపించి, అప్పుడే ముట్టుకోండి.

1941లో జర్మన్ సైన్యం తూలా గుమ్మం దాకా వచ్చినప్పుడు ఆయుధ కర్మాగారం యంత్రాల్ని ఉరల్‌కి తరలించారు, ఊరు మాత్రం లొంగలేదు. 1976లో దానికి వీరనగరం బిరుదిచ్చారు. పేరు తూలా గానీ ఊరు తూలలేదు. సామాను కూడా అంతే, పీట నాలుగు కాళ్ళూ నేలకి సమంగా ఆనతాయి. ఆనకపోతే ఎవరో కింద పడేసి వంకర తీయించినట్టు, ఇంకోసారి గొట్టం అతుకులు చూసుకోండి.

ధర విషయానికొస్తే, బుడితిలో కొత్త ఇత్తడి పాత్రకి కిలో రేటు, మజూరీ కలిపి ఎంతవుతుందో కనుక్కోండి. దాన్ని 5 కిలోలకి లెక్కగడితే అట్టడుగు విలువ తెలుస్తుంది. కొళాయి, గొట్టం, పొగగొట్టం, కిరీటం, టీకూజా అన్నీ సరిగ్గా ఉంటే దానికి రెట్టింపు పెట్టినా నష్టం లేదు. టీకూజా లేకపోతే పర్లేదు, పింగాణీది ఏదైనా సరిపోతుంది. పొగగొట్టం మాత్రం చాలా వాటితో రాదు, విమానంలో ఇమడదని అక్కడే వదిలేస్తారు. రేకు పనివాళ్ళు అరమీటరుది, పైన ఒక వంపుతో, అరగంటలో చేసిస్తారు. జింకు పూత రేకు వద్దనండి, వేడికి పొగలొస్తాయి, నల్లటి ఇనప రేకే కావాలి. వెళ్ళేటప్పుడు సమోవార్ మొత్తం బస్సులో మోసుకెళ్ళక్కర్లేదు. గొట్టం నోటి మీద కాగితం పెట్టి అరచేత్తో గట్టిగా ఒత్తితే గుండ్రటి అచ్చు పడుతుంది, ఆ కాగితం జేబులో పెట్టుకెళ్తే చాలు.